సున్నం చల్లిన గట్టు

"మీ తమ్ముడుగారికి మజ్జిగ పొయ్యి," అన్నాడు లక్ష్మీనరసింహం తలెత్తకుండా.

తమ్ముడుగారు మూరెడు దూరంలో పక్క పీట మీదే కూర్చుని ఉన్నాడు. మజ్జిగ గిన్నె ఇద్దరి మధ్యా ఉంది. చెయ్యి చాపితే ఎవరికైనా అందుతుంది.

కామేశ్వరి వంటింట్లోంచి వచ్చి, వంగి, ఆ గిన్నె తీసి త్యాగరాజు కంచంలో మజ్జిగ పోసింది. పోసి మళ్ళీ ఉన్నచోటే పెట్టింది.

"బావగారికి అన్నం చాలినట్టు లేదక్కా. అడుగు," అన్నాడు త్యాగరాజు.

"నాకు చాలిందని చెప్పు."

నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ కామేశ్వరి మీదుగానే నడుస్తున్నాయి. ఆమె అటు తిరిగి ఒకటి చెప్పడం, ఇటు తిరిగి ఒకటి చెప్పడం. ఇద్దరికీ వినబడే మాటనే మళ్ళీ చెప్పాలి. కూతురు బాల ఇదేదో ఆట అనుకుని పొద్దున నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి పలకా పుస్తకాలూ తీసుకుని బడికి పోయింది.

ఈ ఇంట్లో భోజనాల వేళ నిశ్శబ్దమనేది ఎన్నడూ లేదు. బావా బావమరుదులిద్దరూ కూర్చుంటే పప్పులో ఉప్పు దగ్గర్నుంచి ఢిల్లీ రాజకీయాల దాకా అన్నిటికీ వాదనే. "ఒరేయ్ ఇంజనీరూ, హైదరాబాదులో అంత చదువు చదివింది మా ఊరి మురుగు సీసాల్లో పట్టడానికేనట్రా," అని నిన్న మధ్యాహ్నం వరకూ లక్ష్మీనరసింహం ఏడిపిస్తూనే ఉన్నాడు. ఏడిపించడం పైకి. లోపల ఉన్నది పొంగు.

వాగొడ్డుపేట మురుగంతా ఊరి చివర పెద్ద కాలవలో కలిసి, అక్కణ్ణించి తుమ్మలవాగులో పడుతుంది. ఇంతకు మించి మురికి ఉన్న నీళ్ళు వాగులోకి వదలకూడదని కాలుష్యం బోర్డువాళ్ళు హద్దు పెట్టారు. హద్దు దాటిన ఊరు, బయట పెద్ద పెద్ద గుంటలు తవ్వి, మురుగును వాటిలో ఎండకూ గాలికీ నిలవబెట్టి, తేరుకున్న నీళ్ళే వాగులోకి వదలాలి. తమ ఊరు హద్దు దాటిందో లేదో కొలిచి చెప్పమని మునిసిపాలిటీ హైదరాబాదు నుంచి ఒక ఇంజనీర్ల కంపెనీని కుదుర్చుకుంది. ఆ కంపెనీ పంపిన కుర్ర ఇంజనీరు తమ త్యాగరాజే అని తెలిసినరోజు, శానిటరీ ఇన్‌స్పెక్టరు లక్ష్మీనరసింహం బజారులో కనబడ్డవాళ్ళందరినీ ఆపి చెప్పాడు. బస్సు కోసం నిలబడ్డ అద్దంకి వాళ్ళక్కూడా చెప్పాడు.

ఆ పొంగే ఇంత పని చేసింది.

ఏ అధికారి ఊళ్ళోకి వచ్చినా మునిసిపాలిటీ వాళ్ళు చేసే మర్యాద ఒకటుంది. ఆయన నడిచే దారిలో ఉన్న కాలవల గట్ల మీద సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లిస్తారు. కలెక్టరు వచ్చినా అంతే, మంత్రి వచ్చినా అంతే. తెల్లటి గీత కనబడిందంటే ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని ఊరికి తెలిసిపోతుంది. అలాంటిది సొంత బావమరిది, తను ఎత్తుకుని పెంచినవాడు, జీపులో వచ్చి కాలవ గట్టున దిగుతుంటే లక్ష్మీనరసింహం ఊరుకుంటాడా? గట్ల మీద చల్లించింది చాలదని, ముక్కు మూసుకోవాల్సి వస్తుందేమోనని, పై నుంచి కాలవ లోపల కూడా బస్తాలు కుమ్మరింపించాడు.

త్యాగరాజు జీపు దిగి తెల్లటి గట్టు చూసి నవ్వుకున్నాడు. బావ సంబరం అనుకున్నాడు. లోపల పోయించిన సంగతి ఆయనా చెప్పలేదు, ఇతనూ అడగలేదు. సీసాలు నింపుకుని గుంటూరు లాబొరేటరీలో ఇచ్చి వచ్చాడు.

నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని లెక్క వచ్చింది. హద్దుకు చాలా ఇవతలే ఉన్నాయట. బ్లీచింగుకు సీసాలో ఉన్న క్రిములన్నీ చచ్చిపోయాయి. మురికిని తినే ఆ క్రిముల్ని బట్టే కొలత; అవి చస్తే నీళ్ళ మురికి లెక్కకు అందదు.

ఆ లెక్క పట్టుకుని నిన్న సాయంత్రం త్యాగరాజు నడవలోకి వస్తూనే అడిగాడు. లక్ష్మీనరసింహం మొదట నవ్వాడు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. మీకు తెలియక చేశారని రాస్తాను బావా, పరీక్ష మళ్ళీ పెట్టిస్తాను అని త్యాగరాజు అంటున్నాడు. అప్పుడు ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"నా ఇంట్లో అన్నం తిని, నామీదే రిపోర్టు రాస్తావురా?"

ఆ మాట పడ్డాక ఇద్దరూ దాన్ని దాటి రాలేకపోతున్నారు. అన్నవాడూ, పడ్డవాడూ.

లక్ష్మీనరసింహం చెయ్యి కడుక్కుని, చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ తమ్ముడుగారి లెక్క చూసి కమిషనరుగారు చాలా సంతోషించారట. ఊరికి పెద్ద గండం తప్పిందన్నారట. తమ్ముడుగారితో చెప్పు," అన్నాడు.

త్యాగరాజు దొడ్లో బావి గట్టు మీద కూర్చున్నాడు. కామేశ్వరి గిన్నెలు ముందేసుకుని తోముతూ, చాలాసేపు ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడు, అడగకపోతే చెబుతాడు. చిన్నప్పటి నుంచీ అంతే వాడు.

"రేపు తెల్లారేసరికి రామచంద్రమూర్తిగారు వస్తున్నారక్కా," అన్నాడు చివరికి. "మా కంపెనీలో పెద్దాయన. కాలవ చూసి, కమిషనరుగారితో మాట్లాడి వెళతారు. ఆయనకి ఇంకా చెప్పలేదు నేను."

"చెబితే?"

"ఎందుకు పాడయ్యాయో చెప్పాలి. ఎవరు పోయించారో చెప్పాలి. ప్రభుత్వం పెట్టిన పరీక్ష కదా, కావాలనే చేశారంటారు. బావని సస్పెండు చేస్తారు."

"చెప్పకపోతే?"

"ఆ అంకే ఊరి అంకె అయిపోతుంది. ఒకసారి కాగితాల్లోకి ఎక్కిందంటే ఏళ్ళ తరబడి దిగదు. గుంటలూ ఉండవు, ఏమీ ఉండదు. మురుగు ఇప్పుడు పోయినట్టే వాగులోకి పోతుంది."

వాగు అనగానే కామేశ్వరి చెయ్యి గిన్నె మీద ఆగింది.

పెద్ద కాలవ వాగులో పడేచోట, గట్టు పక్కనే ఖాజాబీ వాళ్ళ ఆకుకూరల మడి ఉంది. మడి పక్కనే ఇల్లు, ఇంటి వెనక దిగుడుబావి. తుఫాను ఏడాది, ఊరంతా చెట్లు విరిగి పడి కరెంటు లేక కటిక చీకటై ఉన్నప్పుడు, నొప్పులు పడుతున్న కామేశ్వరిని ఖాజాబీ మొగుడు బుడే తన ఒంటెద్దు బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. నీళ్ళలో ఎద్దు మొరాయిస్తే కాడి తన భుజానికెత్తుకున్నాడు. ఖాజాబీ దారి పొడుగునా ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, తన ముసుగు విప్పి వానకు అడ్డం పట్టింది. ఆ బండి రాకపోతే బాల లేదు. తనూ లేదు. ఆ సంగతి కామేశ్వరి ఎవరితోనూ పెద్దగా చెప్పదు. చెప్పుకుంటే తరిగిపోతుందన్నట్టు లోపలే దాచుకుంది.

ఈమధ్య ఖాజాబీ కూతురు కరీమున్ కాళ్ళ నిండా కురుపులు. బావి నీళ్ళ వల్లే అని ఊరి డాక్టరన్నాడు.

"నాకు బావ మీద కోపం లేదక్కా," అన్నాడు త్యాగరాజు. "ఆ మాట అన్నందుక్కూడా లేదు. అమ్మ పోయినప్పుడు నన్ను ఎవరు ఉంచుకోవాలా అని పెద్దవాళ్ళందరూ గుమ్మం దగ్గర నుంచుని మాట్లాడుకుంటుంటే, బావ ఏం మాట్లాడకుండా నన్ను ఎత్తి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. నాకది ఇప్పటికీ గుర్తే. కడ్డీకి తువ్వాలు చుట్టాడు, గుచ్చుకోకుండా."

కామేశ్వరి కళ్ళు నిండాయి. బూడిద చేత్తో తుడుచుకోలేక మోచేత్తో అద్దుకుంది.

"ఏం చెయ్యనో చెప్పక్కా."

"నీకేది న్యాయంగా తోస్తే అది చెయ్యి అనడం తేలిక రా త్యాగూ. అంటే నా చేతులు కడుక్కున్నట్టవుతుంది. నేననను."

చేదలో మిగిలిన నీళ్ళు గిన్నెల మీద గుమ్మరించింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లక్ష్మీనరసింహం వీధి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. త్యాగరాజు నడవలో బాలకు లెక్కలు చెబుతున్నాడు. ఇద్దరి మధ్యా గుమ్మం ఉంది.

ఖాజాబీ నెత్తిన బుట్టతో వచ్చింది. రోజూ పొద్దున్నే వచ్చే మనిషి ఇప్పుడు రావడం చూసి కామేశ్వరి బయటికొచ్చింది.

"ఏం ఖాజాబీ, ఈ వేళప్పుడు?"

"కూర అమ్మటానిక్కాదమ్మా. సారుతో ఒక మాట చెప్పిపోదామని."

బుట్ట దించింది. ఎర్ర గోంగూర, తోటకూర కట్టలు, పైన గుప్పెడు పండుమిరపకాయలు. వేర్లకు మట్టి లేకుండా కడిగి తెచ్చింది. లక్ష్మీనరసింహం పేపరు పక్కన పెట్టాడు.

"మొన్న బేస్తవారం కాలవ వాసన రాలేదు సార్," అంది ఖాజాబీ, స్తంభం పక్కన నిలబడి. "పొద్దుటి నించీ మాపటిదాకా రాలేదు. ఏంటా అనుకున్నాం. తర్వాత జోసఫు మేస్త్రి చెప్పాడు, తమరే దగ్గరుండి మందు పోయించారంట."

ఆయన తల ఊపాడు.

"ఆ పూట మేం తలుపు తీసుకుని అన్నం తిన్నాం సార్."

లక్ష్మీనరసింహం ఆమె వైపు చూశాడు.

"ఎండాకాలమైనా వానాకాలమైనా తలుపులు బిగించుకునే తింటాం గదా. లేకపోతే ముద్ద దిగదు. మొన్న మా ఆయన తలుపు తీసి, గాలికి కూర్చుని, నిదానంగా తిన్నాడు. తిని, ఇంతకాలానికి మనల్ని గూడా చూసినవాడు ఒకడున్నాడు, పోయి దణ్ణం పెట్టి రావే అన్నాడు." ఆమె ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. "రోజూ చేయించమని అడగను సార్. ఖర్చు గదా. వారానికో పూటైనా పోయిస్తే బావి నీళ్ళు గూడా తేరుకుంటాయేమో. పిల్ల కాళ్ళు చూడలేకపోతున్నా."

నడవలో బాల ఎక్కాలు చదువుతున్న గొంతు ఆగింది. త్యాగరాజు పలక కింద పెట్టాడు.

కామేశ్వరి భర్త ముఖం చూడలేకపోయింది. ఎంత పెద్ద అధికారి కసిరినా ఎదురు నిలబడి మాట్లాడే మనిషి. ఇవాళ కూరల బుట్ట ముందు కూర్చుని, ఒళ్ళో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

"బుట్ట లోపల పెట్టమ్మా," అన్నాడు ఎప్పటికో.

"బుట్ట తర్వాత తీసుకుంటాలే," అని ఖాజాబీ వెళ్ళిపోయింది. వెళ్తూ మళ్ళీ వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది.

పేపరు గాలికి అరుగు మీద కొట్టుకుంటోంది. ఎవరూ తియ్యలేదు.

"త్యాగూ," అన్నాడు లక్ష్మీనరసింహం.

గుమ్మానికి అవతల కుర్రవాడు లేచి నిలబడ్డాడు. ఆ పిలుపు నేరుగా తనకే.

"మీ పెద్దాయన రేపు తెల్లారేసరికి వస్తాడన్నావటగా."

"అవును బావా."

"అయితే రేపు మళ్ళీ పట్టు నీళ్ళు. నేను చెప్పందే ఈ ఊళ్ళో చిటికెడు సున్నం కదలదు. మొన్నటివి ఎందుకు పనికిరావో నేనే ఆయనకి చెబుతా."

"బావా, మీ ఉద్యోగం—"

"తలుపులు బిగించుకుని తింటున్నారుట్రా," అన్నాడాయన. "ఇన్నేళ్ళుగా ఆ గట్టు మీదే తిరిగాను. తలుపులు మూసి ఉండేవి. ఇంట్లో ఎవరూ లేరనుకునేవాణ్ణి."

ఆ పూట గోంగూర పచ్చడి నూరింది కామేశ్వరి. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. లక్ష్మీనరసింహం మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా ఆగాడు.

"నిన్న నేనన్న మాట—"

"ఏ మాట బావా?" అన్నాడు త్యాగరాజు, పచ్చడి వేసుకుంటూ.

ఆయన బావమరిది ముఖంలోకి ఒక్క క్షణం చూసి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "కామేశ్వరీ, మీ తమ్ముడుగారికి నెయ్యి వెయ్యి. ఇంజనీరుద్యోగం ఉంటుందో ఊడుతుందో, నెయ్యి తినే రోజులు ఇవే," అన్నాడు.

త్యాగరాజుకు పొలమారింది. బాల వాడి నెత్తి మీద చరుస్తూ నవ్వింది. ఈసారి అందరూ నవ్వారు. అందరితో పాటు నవ్వుతూనే కామేశ్వరి దేవుడి గూటి వైపు చూసి చేతులు జోడించింది. రేపు ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా ఇవాళ్టికి ఇంట్లో మాటలు తిరిగి వచ్చాయి.

పొద్దున్నే ఆమె కూడా బయలుదేరింది. ఖాజాబీ బుట్ట ఇచ్చి రావాలంది. ఎవరి బుట్టనైనా ఖాళీగా తిప్పి పంపే అలవాటు లేదు. అడుగున కొత్త బెల్లం అచ్చు ఒకటి, కొత్త చింతపండు ఇంత పెట్టింది.

ఊరు దాటితే కళ్ళాల్లో మిరపకాయలు పరిచి ఉన్నాయి, ఇంకా మంచుకు తడిగా. జిన్నింగు మిల్లులకు పోయే లారీల నుంచి రాలిన దూది తుమ్మకంపలకు చిక్కుకుని ఉంది. దారి పొడుగునా బావా బావమరుదులు ముందు నడుస్తూ, ఎక్కడ పట్టాలి, ఎంత లోతులో పట్టాలి అని వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన వింటుంటే ఆమెకు ప్రాణం కుదుటపడినట్టుంది.

కాలవ దగ్గర పడేసరికి గట్టు తెల్లగా కనబడింది. దూది కాబోలనుకుంది. ఇంకాస్త దగ్గరికి పోయాక ఘాటు ముక్కుకు తగిలింది.

లక్ష్మీనరసింహం నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

కనుచూపు మేరా గట్టుకు రెండు వైపులా సున్నం. ముగ్గు కర్రతో గీసినట్టు నిండుగా ఉంది. కాలవలో నీళ్ళు పాలల్లే కదులుతున్నాయి. అవతల జోసఫు మేస్త్రి, అతని వెనక మునిసిపాలిటీ పనివాళ్ళంతా వరుసగా నిలబడ్డారు. మోచేతుల దాకా తెల్లగా ఉన్నారు. కళ్ళు మాత్రం ఎర్రగా, ఘాటుకు నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరు చెప్పార్రా మీకు?" అన్నాడు లక్ష్మీనరసింహం. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"ఎవరూ చెప్పలేదు సార్," అన్నాడు జోసఫు. "నీళ్ళ సంగతిలో మీకూ ఇంజనీరుబాబుకీ తేడా వచ్చిందని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాం. మొన్న పోసింది సరిపోలేదేమో, మీకు మాట వస్తుందేమోనని మావాళ్ళంతా రాత్రంతా పోశారు. మమ్మల్ని పర్మనెంటు చేయించటానికి మీరు ఎన్ని గడపలు తొక్కారో మాకు తెలీదా సార్. పెద్దింజనీరు వస్తన్నాడంట గదా. ఒక్క ఈగ వాలదు చూసుకోండి."

లక్ష్మీనరసింహం అతని భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టలేకపోయాడు, మెచ్చుకోలేకపోయాడు. చెయ్యి అలా ఉంచేశాడు, అంతే.

ఖాజాబీ ఇంట్లోంచి బయటికి వచ్చింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. "ఇవాళ గూడా పోయించారా సార్," అంది ముఖమంతా నవ్వై.

అప్పుడు జీపు వచ్చింది.

రామచంద్రమూర్తి సన్నగా, నెరిసిన తలతో, బడిపంతులులా ఉన్నాడు. దిగి, గట్టు చివరికంటా నడిచి, వంగి, నీళ్ళలో వేలు ముంచి వాసన చూశాడు. వెనక్కి వచ్చి ఎవరు చల్లమన్నారని అడిగాడు. జోసఫు ముందుకు రాబోయాడు. లక్ష్మీనరసింహం అతన్ని పక్కకు జరిపాడు.

"మొన్నటిది నేను చల్లించానండి. మర్యాద అనుకుని. ఇవాళ్టిది నామీద అభిమానంతో వీళ్ళు చల్లారు. రెండూ నావే."

"మొన్న కూడానా?"

రామచంద్రమూర్తి త్యాగరాజు వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"లెక్కలు రాగానే అనుమానం వచ్చింది సార్. ఆ సాయంత్రమే ఇంట్లో తెలిసింది."

"నాకు ఫోను చెయ్యలేదే."

కుర్రవాడు తల దించుకున్నాడు.

"ఆయన మా బావగారు సార్. నన్ను పెంచారు."

రామచంద్రమూర్తి కళ్ళజోడు తీసి జేబురుమాలుతో చాలా నెమ్మదిగా తుడుచుకున్నాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది కామేశ్వరికి.

ఈలోగా ఖాజాబీ చెంబూ గ్లాసూ పట్టుకొచ్చింది. ఇంతమంది పెద్దవాళ్ళు తన ఇంటి ముందు నిలబడితే ఊరుకోలేక, గ్లాసు నిండా నీళ్ళు పోసి ముసలాయనకు అందించింది. భర్త చెయ్యి సగం లేచి ఆగడం కామేశ్వరి చూసింది.

ఆయన గ్లాసు అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఏ బావివమ్మా?"

"మాదే సార్. అదుగో, ఇంటెనక."

ఆయన కాలవ వైపు చూశాడు, బావి వైపు చూశాడు. మధ్యలో మడి ఒక్కటే ఉంది.

"త్యాగరాజూ, సీసా తియ్యి." గ్లాసులో నీళ్ళన్నీ మెల్లగా సీసాలోకి వంచాడు. "దీంట్లో ఎవరి మర్యాదా కలవలేదు. ముందు ఇక్కణ్ణించి మొదలుపెట్టు."

ఖాజాబీ ముఖంలో నవ్వు మాయమైంది. చెంబు గుండెలకు ఆనించుకుంది.

"తాగరా సార్? గ్లాసు తోమే తెచ్చాను," అంది చిన్నగా.

ఆమె ఏమనుకుందో అందరికీ అర్థమైంది. తన చేతి నీళ్ళు కాబట్టి తాగలేదనుకుంది. మురికని చెబుదామన్నా, ఆ నీళ్ళు ఆమె రోజూ తాగే నీళ్ళు.

లక్ష్మీనరసింహం ముందుకు వచ్చి ఆమె చేతుల్లోంచి చెంబు తీసుకున్నాడు. తల ఎత్తి, గుటక గుటకగా, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఆ నీళ్ళలో ఏముందో అక్కడ ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కామేశ్వరి అడ్డం రాలేదు. తుఫానులో కాడి కింద వంగిన ఒక భుజం ఆమెకు కళ్ళ ముందు మెదిలింది.

"చల్లగా ఉన్నాయి తల్లీ," అని చెంబు తిరిగి ఇచ్చాడు.

ఖాజాబీ ముఖం మళ్ళీ విచ్చుకుంది. కామేశ్వరి బుట్ట ఆమె చేతిలో పెట్టింది. బెల్లం చూసి ఇదంతా ఎందుకమ్మా అంటోందామె. కామేశ్వరి ఆ చేతిని అలాగే పట్టుకుంది.

రామచంద్రమూర్తి అంతసేపూ లక్ష్మీనరసింహాన్నే చూస్తున్నాడు. తర్వాత జీపు ఎక్కి కూర్చుని త్యాగరాజును దగ్గరికి పిలిచాడు.

"మధ్యాహ్నం గెస్టు హౌసుకి రా. వచ్చేటప్పుడు నీ పెట్టె సర్దుకుని రా."

"అన్నీ సర్దుకోనా సార్?"

ఆయన బావి నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు భుజం తట్టాడు. జీపు గెస్టు హౌసు దారి పట్టలేదు. సున్నం గీత పక్కనే సాగి, తిన్నగా కమిషనరుగారి బంగళా వైపు తిరిగింది.